రెండున్నర గంటల దూరం

పాఠ్య సందర్భం

తూర్పు పడమరలుగా ఉన్న రెండు ఊళ్ళలో సూర్యుడు ఒకే క్షణాన ఉదయించడు. అందువల్ల ప్రపంచ దేశాలు కాలమండలాలను ఏర్పరచుకున్నాయి. గడియారం చూపే కాలానికీ, మనుషులు గడిపే జీవితానికీ ఉన్న సంబంధాన్ని హైదరాబాదు పాతబస్తీ, ఎర్రసముద్ర తీరంలోని జెద్దా నగరాల పోలిక ద్వారా వివరించడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

పాఠం

హైదరాబాదు పాతబస్తీకి చార్మినార్ హృదయస్థానం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నిర్మింపజేసిన ఈ కట్టడానికి దాదాపు మూడు శతాబ్దాల పాటు గడియారమే లేదు. నాలుగు దిక్కులకూ కనిపించే నాలుగు గడియారాలను 1889లో దానికి అమర్చారు. మరి మూడేళ్ళకు, 1892లో, నాటి ప్రధానమంత్రి అస్మాన్ జా సమీపంలోని మహబూబ్ చౌక్‌లో ఒక గడియార స్తంభాన్ని కట్టించాడు. ఆ తరువాత కొద్ది కాలానికే నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, పాతబస్తీలోని ఫిసల్‌బండలో ఖగోళ పరిశోధనకు పునాది వేశాడు. 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటలో నిజామియా వేధశాలగా అభివృద్ధి చేసింది. ఈ విధంగా రెండు దశాబ్దాల వ్యవధిలోనే పాతబస్తీ యంత్రకాలంలోకి ప్రవేశించింది.

అంతకు ముందు ఇక్కడి ప్రజలకు కాలజ్ఞానం లేదని భావించరాదు. తెలుగువారు పగటినీ రాత్రినీ కలిపి అరవై ఘడియలుగా విభజించారు. ఘడియకు ఇరవై నాలుగు నిమిషాలు. ఏడున్నర ఘడియలు ఒక జాము. పంచాంగం ప్రకారం దినం సూర్యోదయంతో ఆరంభమవుతుంది. ముస్లింల దినం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ఫజర్, జొహర్, అసర్, మగ్రిబ్, ఇషా అనే ఐదు నమాజు వేళలు వారి దినాన్ని విభజిస్తాయి. వీటికి తోడు నిజాం ప్రభుత్వ దస్తావేజులలో ఫసలీ సంవత్సరం ఉండేది. ఈనాటికీ పాతబస్తీలో ఒకే వీధిలోని ఇరుగు పొరుగు ఇళ్ళలో ఒకే రోజుకు మూడు తేదీలు వినిపిస్తాయి. లాల్ దర్వాజా బోనాలకు ఆషాఢ మాసాన్నీ, బీబీ కా ఆలం ఊరేగింపునకు మొహర్రం మాసాన్నీ, పాఠశాల ఫీజుకు ఇంగ్లీషు నెలనూ చూసుకుంటారు. ఇన్ని లెక్కల మధ్య తడబాటు లేకుండా జీవించడం ఈ ప్రాంతానికి పుట్టుకతో వచ్చిన విద్య.

ఇక గడియారం మాట. భూమి తన చుట్టూ తాను తిరగడానికి ఇరవై నాలుగు గంటలు పడుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషాలు. ఈ లెక్క ప్రకారం ప్రతి ఊరికీ దానిదైన మధ్యాహ్నం ఉంటుంది. పూర్వం ప్రతి నగరమూ తన స్థానిక కాలాన్నే పాటించేది. రైళ్ళు వచ్చిన తరువాత అది సాధ్యం కాలేదు. బొంబాయిలో ఒక కాలం, మద్రాసులో మరొక కాలం ఉంటే రైలు వేళల పట్టిక తయారు చేయడమే కష్టమయ్యేది. అందుచేత 1906 జనవరి 1 నుంచి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారం చేసుకొని దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. ఆ రేఖ మన కాకినాడకు చేరువగా పోతుంది. అయినా కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ పాత కాలాన్ని పూర్తిగా విడిచిపెట్టలేదు. తమ ఊరి మధ్యాహ్నాన్ని మరొకరు నిర్ణయించడం ఆ నగరాలకు సుళువుగా మింగుడుపడలేదు.

హైదరాబాదు 78 డిగ్రీల 28 నిమిషాల తూర్పు రేఖాంశంపై ఉంది. ప్రామాణిక రేఖ నుంచి ఇది నాలుగు డిగ్రీలు పడమర. కాబట్టి చార్మినార్ గడియారం పన్నెండు చూపినప్పుడు సూర్యుడు ఇంకా నడినెత్తికి రాడు. సగటున మరి పదహారు నిమిషాలు గడవాలి. గడియారం చూపేది ఆకాశం చెప్పిన కాలం కాదు, దేశ ప్రజలందరూ కలిసి అంగీకరించిన కాలం.

ఈ అంగీకారం ఎంతటి విచిత్ర పరిణామాలకు దారితీయగలదో పశ్చిమాఫ్రికాలోని రెండు నగరాలను చూస్తే తెలుస్తుంది. ఘానా రాజధాని అక్రా గ్రీనిచ్ మధ్యాహ్న రేఖకు అతి సమీపంలో ఉన్నది. నైజీరియాలోని మహానగరం లాగోస్ దానికి తూర్పుగా మూడున్నర డిగ్రీల దూరంలో ఉన్నది. సూర్యుని లెక్కన ఈ రెండు నగరాలకూ భేదం పద్నాలుగు నిమిషాలు మాత్రమే. కాని గడియారాల లెక్కన పూర్తిగా ఒక గంట. సముద్రతీరపు రహదారి వెంట అక్రా నుంచి టోగో, బెనిన్ దేశాల మీదుగా లాగోస్‌కు సరుకు తీసుకొనిపోయే వర్తకుడు టోగో సరిహద్దు దాటి బెనిన్‌లో అడుగుపెట్టగానే గడియారాన్ని గంట ముందుకు తిప్పుకోవాలి. అక్కడ గంట తేడాను నిర్ణయించినది ఆకాశం కాదు, దేశాల సరిహద్దు.

పాతబస్తీకి ఇటువంటి జంట నగరం ఒకటి ఉన్నది. అది మూసీకి ఆవలి ఒడ్డున లేదు. సుమారు 4,100 కిలోమీటర్ల దూరంలో, ఎర్రసముద్రపు ఒడ్డున ఉన్నది. దాని పేరు జెద్దా. మక్కా యాత్రికులకు అది తరతరాలుగా ముఖద్వారం. విమానాలు లేని రోజుల్లో దక్కన్ యాత్రికులు బొంబాయిలో ఓడ ఎక్కి జెద్దాలో దిగేవారు. భారతదేశం నుంచి ఈ ఓడ ప్రయాణాలు 1995లో ముగిశాయి. నిజాం రాజ్యపు యాత్రికుల వసతి కోసం మక్కాలో ఏర్పాటైన రుబాత్ అనే సత్రాలు ఈ అనుబంధానికి గుర్తులు. అరబ్బు దేశాల నుంచి ఇటు వచ్చినవారూ ఉన్నారు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవారి నివాసాలే నేటి బార్కస్. సైనికుల బ్యారక్‌లు అన్న మాటే ప్రజల నోట బార్కస్ అయింది. 1973 తరువాత చమురు ధరలు పెరిగి అరబ్బు దేశాలలో నిర్మాణాలు విస్తరించినప్పుడు పాత బంధం కొత్త రూపం ధరించింది. పాతబస్తీ యువకులు డ్రైవర్లుగా, ఎలక్ట్రీషియన్లుగా, గుమాస్తాలుగా, ఇంజనీర్లుగా జెద్దాకు, రియాద్‌కు పయనమయ్యారు. అదే కాలం నుంచి కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలవారు దుబాయికి, కడప, గోదావరి ప్రాంతాలవారు కువైట్‌కు వెళ్ళారు.

రెండు నగరాలనూ పక్కపక్కన నిలిపి చూస్తే పోలికలు కనిపిస్తాయి. రెండూ ఒకప్పుడు ప్రాకారం మధ్య ఉన్న నగరాలే. హైదరాబాదు ప్రాకారానికి ఉన్న దర్వాజాలలో పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మాత్రమే మిగిలాయి. జెద్దా ప్రాకారాన్ని 1947లో తొలగించారు. అక్కడి పాతబస్తీ పేరు అల్ బలద్. పగడపు రాతితో కట్టిన మేడలు, వాటి ముందుకు పొడుచుకొని వచ్చిన చెక్క జాలీల గవాక్షాలు అల్ బలద్ ప్రత్యేకత. గాలిని రానిచ్చి ఎండనూ పరుల చూపునూ ఆపే ఆ గవాక్షాలను ‘రోషన్’ అంటారు. వెలుగు అనే అర్థంలో ఈ మాట పాతబస్తీవారికి సుపరిచితమే. 2014లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణాల ముందు రాత్రి వేళ ఎటువంటి సందడి ఉంటుందో, అల్ బలద్ సూక్‌లలోనూ అటువంటి సందడే ఉంటుంది. పగటి ఎండ తీవ్రత వల్ల జెద్దాలో అంగడి జీవితం సాయంత్రం నుంచే ఊపందుకుంటుంది.

పోలికల వలె భేదాలూ ఉన్నాయి. హైదరాబాదుకు జూన్‌లో తొలకరి వస్తుంది, జెద్దాకు వానకాలమే లేదు. పాతబస్తీలో ఇంటి అరుగు వీధిలోకి తెరుచుకొని ఉంటుంది. ఇరానీ హోటల్లో ఒక కప్పు చాయ్‌తో గంటసేపు కూర్చున్నా ఎవరూ లెమ్మనరు. వలస వచ్చిన కార్మికునికి జెద్దాలో పని స్థలం, పదిమంది పంచుకొనే గది, రెంటి నడుమ బస్సు ప్రయాణం, ఇదే లోకం. నగరం విశాలమైనదే అయినా అతని నగరం మాత్రం చిన్నది.

జెద్దా రేఖాంశం 39 డిగ్రీల 10 నిమిషాలు. హైదరాబాదుకూ దీనికీ సూర్యుని లెక్కలో భేదం 2 గంటల 37 నిమిషాలు. గడియారాల లెక్కలో అది 2 గంటల 30 నిమిషాలు. ఇక్కడ అక్రా, లాగోస్‌ల వంటి విపరీతం లేదు. గడియారాల తేడా సూర్యుని తేడాకు చాలా దగ్గరగానే ఉన్నది. మన పూర్వుల లెక్కన ఇది ఆరుంబావు ఘడియలు. ఇంకొక విశేషం గమనింపదగినది. 20వ శతాబ్ది మధ్య దశాబ్దాల వరకు అరేబియాలో గడియారాన్ని ప్రతి దినం సూర్యాస్తమయానికి పన్నెండు గంటలుగా సరిచేసుకొనే పద్ధతి ఉండేది. మన పంచాంగం సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కించినట్లే, వారు సూర్యాస్తమయం నుంచి గంటలు లెక్కించారు.

ఈ రెండున్నర గంటల భేదం భూగోళ పాఠంలో ఒక అంకె మాత్రమే. భర్త జెద్దాలోనూ, భార్యా పిల్లలు పాతబస్తీలోనూ ఉన్న ఇంట్లో అది దినచర్యను శాసించే నియమం. జెద్దాలో అతడు ఉదయం ఆరు గంటలకు పనికి బయలుదేరే వేళకు ఇక్కడ ఎనిమిదిన్నర, పిల్లలు బడికి వెళ్ళే సమయం. సాయంత్రం నాలుగింటికి పిల్లలు ఇంటికి చేరేసరికి అక్కడ ఒకటిన్నర. రాత్రి తొమ్మిదిన్నరకు అతడు పని ముగించి, వంట చేసుకొని, తీరికగా మాట్లాడదామనుకొనే వేళకు ఇక్కడ అర్ధరాత్రి పన్నెండు. పిల్లలు అప్పటికి నిద్రపోయి ఉంటారు. అందుచేత తండ్రి గొంతు వినాలంటే పిల్లలు మేలుకొని ఉండాలి, లేదా అతడు భోజన విరామాన్ని వదులుకోవాలి. ఇద్దరిలో ఎవరో ఒకరు తమ కాలంలో కొంత త్యాగం చేయనిదే ఆ సంభాషణ జరగదు.

వేసవిలో మరొక అవకాశం దొరుకుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండు మొదలు మూడు గంటల వరకు ఎండలో పని చేయించరాదని సౌదీ ప్రభుత్వం నియమం విధించింది. ఆ మూడు గంటలు హైదరాబాదులో రెండున్నర నుంచి ఐదున్నర. పాతబస్తీలోని ఇల్లాలికి ఆ వేళ మోగే ఫోను భర్త నీడలో ఉన్నాడన్న వార్త. వారాంతాల సంగతి వేరు. సౌదీ అరేబియాలో ఒకప్పుడు గురు, శుక్రవారాలు సెలవు దినాలు. 2013 జూన్ నుంచి శుక్ర, శనివారాలు సెలవులయ్యాయి. ఇక్కడ పిల్లలకు ఆదివారం సెలవు. ఆ రోజు అక్కడ తండ్రికి వారపు తొలి పనిదినం.

రంజాన్ మాసంలో ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. పాతబస్తీలో సైరన్ మోగి, ఖర్జూరంతో ఉపవాసం విరమించే వేళకు జెద్దాలో ఇంకా ఎండ తగ్గదు. ఇక్కడివారు భోజనం ముగించి ఇషా నమాజు చేసి వచ్చిన తరువాత అక్కడ ఇఫ్తార్. పండుగ నాటికి గంటల తేడా రోజు తేడాగా మారుతుంది. నెలవంక కనబడిననాడే నెల మారుతుంది కదా. జెద్దాలో సూర్యాస్తమయం ఆలస్యంగా అవుతుంది కనుక, అప్పటికి నెలవంక వయస్సు హైదరాబాదులో ఉన్నదాని కంటే రెండున్నర గంటలకు పైగా ఎక్కువ. ఇక్కడ కనిపించని సన్నని వంక అక్కడ కనిపించే అవకాశం ఉన్నది. ఏ దేశపు నిర్ణయం ఆ దేశానిదే కావడం మరొక కారణం. అందువల్ల సాధారణంగా సౌదీలో ఈద్ ఒక రోజు ముందే వస్తుంది. అక్కడ తండ్రి పండుగ చేసుకొనేనాడు ఇక్కడ పిల్లలు చివరి ఉపవాసంలో ఉంటారు. ఇక్కడ పిల్లలు కొత్త బట్టలు ధరించేనాటికి అక్కడ పండుగ నిన్నటి మాట.

ఈ దూరాన్ని దాటే సాధనాలు తరం తరానికీ మారాయి. తొలిరోజుల్లో ఉత్తరాలు. వ్రాసిన ఉత్తరానికి ప్రత్యుత్తరం రావడానికి వారాలు పట్టేది. ఆపైన మాటలను టేపులో నింపి, సెలవుపై వచ్చిపోయే వారి చేత పంపేవారు. ఆ టేపులలో పెద్దల దీవెనలూ, పసివాళ్ళ మాటలూ, ఇంటి లెక్కలూ అన్నీ ఉండేవి. అటుపై వీధి మూలల ఎస్.టి.డి., ఐ.ఎస్.డి. కేంద్రాలు వచ్చాయి. తిరిగే మీటరు మీద ఒక కన్ను వేసి, మాట మీద ఒక చెవి వేసి మాట్లాడిన తరం అది. సెల్‌ఫోన్ ఆ తరువాతిది. 2017 సెప్టెంబరులో సౌదీ ప్రభుత్వం ఇంటర్నెట్ ఫోను కాల్స్‌పై ఉన్న నిషేధాన్ని సడలించడంతో ముఖం చూసి మాట్లాడటం సులభమయింది. ఖర్చు తగ్గింది, నిరీక్షణ తగ్గింది, కాని రెండున్నర గంటలు మాత్రం తగ్గలేదు.

కొందరు కుటుంబాలతో సహా జెద్దాలో స్థిరపడ్డారు. వారి పిల్లలు 1969లో నెలకొన్న అంతర్జాతీయ భారతీయ పాఠశాల వంటి విద్యాలయాలలో చదివారు. ఇక్కడ ఉదయం పదిన్నరకు మొదలయ్యే కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పరీక్షకు అక్కడి విద్యార్థులు ఎనిమిది గంటలకే కూర్చోవాలి. ఒకే ప్రశ్నపత్రాన్ని ఒకే క్షణాన తెరవాలి కనుక ఎవరో ఒకరు పెందలాడే లేవక తప్పదు. 2017 జూలై నుంచి సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ళ చొప్పున రుసుము విధించి, ఏటా పెంచుతూ పోయింది. స్వల్ప జీతగాళ్ళు ఆ భారం మోయలేక భార్యాబిడ్డలను స్వదేశానికి పంపారు. అంతవరకు ఒకే గడియారం కింద ఉన్న ఇళ్ళు రెండు గడియారాల ఇళ్ళయ్యాయి.

అన్నిటికన్న కఠినమైనది మరణవార్త. ముస్లిం సంప్రదాయంలో అంత్యక్రియలను ఆలస్యం చేయరు. జెద్దా నుంచి హైదరాబాదుకు విమానయానమే ఐదారు గంటలు. అనుమతి పత్రం, టికెట్టు, విమానాశ్రయంలో నిరీక్షణ కలిపితే ఒక దినం గడిచిపోతుంది. పైగా తూర్పునకు వచ్చేవాడు దారిలో రెండున్నర గంటలు పోగొట్టుకుంటాడు. ఉదయం పదింటికి అక్కడ విమానం ఎక్కినవాడు ఇక్కడ దిగేసరికి సాయంత్రమవుతుంది. తల్లి కడచూపు దక్కని కొడుకులు పాతబస్తీలో ప్రతి గల్లీలోనూ ఉన్నారు. ఇంటికి మిద్దె వేసినవారు, చెల్లెళ్ళకు పెళ్ళి చేసినవారు, తమ్ముళ్ళను చదివించినవారు వారే. ఆ మిద్దెల విలువను రూపాయలలోనే గాక, ఇటువంటి గంటలలో కూడా లెక్కించవలసి ఉంటుంది.

దేశాల మధ్య కాలభేదాన్ని కూడికలు, తీసివేతలతో తెలుసుకోవచ్చు. అయితే ఎదుటివారికి ఇప్పుడు ఎంత వేళయిందో అని ఒక్కసారి ఆలోచించి పలకరించడం గణితం నేర్పే విషయం కాదు. అది మర్యాద, అది ప్రేమ. పాతబస్తీలో ఎన్నో ఇళ్ళలో గోడ గడియారం భారత కాలాన్ని చూపుతుంది. దాని వైపు చూసిన ప్రతిసారీ ఇల్లాలు మనసులోనే రెండున్నర గంటలు తీసివేసుకుంటుంది. అక్షరం రాని వృద్ధ మాతలు కూడా ఈ లెక్కలో పొరబడరు.

కఠిన పదాలకు అర్థాలు

వేధశాల : నక్షత్ర, గ్రహాలను పరిశీలించే స్థలం
జాము : మూడు గంటల కాలం, ఏడున్నర ఘడియలు
దస్తావేజు : వ్రాతపూర్వకమైన ఆధారపత్రం
రేఖాంశం : ఉత్తర, దక్షిణ ధ్రువాలను కలుపుతూ ఊహించిన రేఖ
ప్రాకారం : కోటగోడ
గవాక్షం : కిటికీ
సూక్ : అరబ్బుల అంగడి వీధి
ఆరుంబావు : ఆరు, దానిపై పావు
పెందలాడే : త్వరగా, వేళకు ముందుగా

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. పాతబస్తీ ‘యంత్రకాలంలోకి ప్రవేశించిన’ తీరును, అంతకు ముందున్న కాలగణన పద్ధతులను వివరించండి.
2. రెండున్నర గంటల భేదం వలస కుటుంబాల జీవితాన్ని ఏ విధంగా ప్రభావితం చేస్తున్నదో పాఠం ఆధారంగా వ్రాయండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. అక్రా, లాగోస్ నగరాల గడియారాలకు గంట భేదం ఎందుకు ఉన్నది?
2. ఈద్ పండుగ రెండు నగరాలలో వేర్వేరు రోజుల్లో రావడానికి కారణాలేమిటి?
3. ‘నగరం విశాలమైనదే అయినా అతని నగరం మాత్రం చిన్నది.’ ఈ వాక్యం అంతరార్థాన్ని తెలపండి.
4. హైదరాబాదులో మంగళవారం రాత్రి ఒంటి గంట అయినప్పుడు జెద్దాలో ఏ వారం, ఎన్ని గంటలు? లెక్కించి వ్రాయండి.

భాషాంశాలు

సంధులు
సూర్యోదయం = సూర్య + ఉదయం : గుణసంధి
సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం : సవర్ణదీర్ఘసంధి
ప్రత్యుత్తరం = ప్రతి + ఉత్తరం : యణాదేశసంధి

సమాసాలు
నాలుగు దిక్కులు : నాలుగు అను సంఖ్య గల దిక్కులు : ద్విగు సమాసం
కాలభేదం : కాలము యొక్క భేదం : షష్ఠీ తత్పురుష సమాసం
భార్యాబిడ్డలు : భార్యయును బిడ్డలును : ద్వంద్వ సమాసం

సొంత వాక్యాలలో ప్రయోగించండి
మింగుడుపడు, ఊపందుకొను, కడచూపు, సుపరిచితం